డాక్టరుబాబు జొరం

విజయనగరంలో మా వీధి చివర సినిమా డిస్కులు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉండేది. పోయిన వేసవిలో దాన్ని ఎత్తేశారు. లోకమంతా సినిమాలు పెన్‌డ్రైవుల్లో ఎక్కించుకుని ఫోన్లలో చూసుకుంటున్న రోజుల్లో, డిస్కు అద్దెకు తెచ్చుకుని గీతలు పడకుండా తిరిగిచ్చే ఓపిక ఎవరికుంటుంది? ఎవరికీ లేదు, నాకు తప్ప. కొట్టాయన మిగిలిన సరుకంతా ఓ గోనెపట్టా మీద గుట్టగా పోసి, "మీకేటి కావాలో ఏరుకోండి టీచరమ్మా" అన్నాడు. బడి నుంచి వస్తూ, కూరల సంచీ పక్కన పెట్టుకుని ఆ గుట్ట ముందు చతికిలబడ్డాను. భక్తి సినిమాల కింద, వంటల డిస్కుల కింద నలుపూ తెలుపూ బొమ్మ ఒకటి బయటపడింది. మొహం నిండా వెంట్రుకలు, కోరపళ్లు, చిరిగిన కోటు, వెనక గుండ్రంగా చందమామ. భయపడాల్సింది పోయి, ఎన్నాళ్లకో చుట్టం ఎదురుపడ్డంత సంబరం కలిగింది నాకు. "డాక్టరుబాబూ" అని పైకే అనేశాను. కొట్టాయన నా వైపు కాస్త అనుమానంగా చూశాడు. టీచర్లకి వేసవిలో ఇలాంటివి మామూలే అనుకుని ఉంటాడు.

ఆ డాక్టరుబాబుతో నా పరిచయం ముప్పై ఏళ్ల నాటిది, అదీ కోటబొమ్మాళిలో ఓ ధాన్యం గోదాములో. మా మేనత్తను ఆ ఊళ్లో ఇచ్చారు. మావయ్యది ధాన్యం వ్యాపారం. మేం ఆమదాలవలసలో ఉండేవాళ్లం కాబట్టి, సెలవులివ్వగానే నన్ను పాసింజరు రైలెక్కించి అత్త వాళ్లింటికి తోలేసేవారు. మావయ్య సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గొంతు మాత్రం ఇద్దరు మనుషులకి సరిపోయేది. మొలతాడుకి గోదాము తాళాలగుత్తి వేలాడుతూ ఉండేది, ఆయన వస్తున్నాడంటే ముందు ఆ చప్పుడే వచ్చేది. ఓ ఏడాది ఓడ మీద పనిచేసే దూరపు చుట్టం ఒకాయన విశాఖపట్నంలో దిగి, తను తెచ్చిన వీసీఆర్‌ని మావయ్యకి అంటగట్టాడు. దాంతోపాటు ఒక టేపు ఊరికే ఇచ్చాడు. ఊరికే ఎందుకిచ్చాడో టేపు చూస్తే తెలిసేది. సినిమా మొత్తం వాన కురుస్తున్నట్టు గీతలు. మిగిలిన టేపులన్నీ అద్దెవి, వచ్చి పోయేవి. సొంతంగా ఉన్నది ఇదొక్కటే కావడంతో, వేరే టేపు దొరకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఊరికి దిక్కు, పున్నమికి మనిషి తోడేలుగా మారే ఆ సినిమాయే.

వేసవిలో గోదాము సగం ఖాళీగా ఉండేది. కిటికీలకి గోనెలు కట్టి చీకటి చేసేవారు. బస్తాల మీద మగవాళ్లు, కింద పరిచిన పట్టాల మీద ఆడవాళ్లూ పిల్లలం. ఊకదుమ్ము, చెమట, ఎవరో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన జీడిమామిడి పళ్ల వాసన, అన్నీ కలిసి ఒక ఉక్క. నేను అత్త పక్కన కూర్చునేదాన్ని, ఆవిడ తాటాకు విసనకర్రతో తనకీ నాకూ కలిపి విసిరేది. ఆవిడకప్పుడు పాతికేళ్లు దాటి ఉండవు. చక్కటి మనిషి, నవ్వితే గోదామంతా తిరిగి చూసేది. కానీ ఆవిడకి మూర్ఛలు వచ్చేవి.

అది ఇంట్లో ఎవరూ పేరు పెట్టి అనని సంగతి. పున్నమికీ అమావాస్యకీ వస్తాయని ఊరివాళ్ల నమ్మకం, నిజానికి వాటికి తిథులతో పనిలేదు, తోచినప్పుడు వచ్చేవి. వచ్చినప్పుడు మావయ్య ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి, ఆవిణ్ణి పక్కకి ఒత్తిగిలబెట్టి, మొలతాడు నుంచి తాళాలగుత్తి లాగి ఆవిడ గుప్పిట్లో పెట్టేవాడు. మా వైపు అందరూ అంతే, ఇనుము చేతిలో పెడితే తగ్గుతుందని. తగ్గేది తాళాల వల్ల కాదని నాకిప్పుడు తెలుసు. తగ్గేదాకా ఆ గుప్పిటి మీద తన చెయ్యి మూసిపెట్టి కూర్చునేవాడు, బేరగాళ్లు వాకిట్లో కేకలేస్తున్నా కదిలేవాడు కాదు. పిల్లల్ని మాత్రం పక్కింటివాళ్లు గబగబా లోపలికి లాక్కునేవారు. మావయ్య అన్నదమ్ములు ఆవిణ్ణి పుట్టింటికి పంపించి మరో పెళ్లి చేసుకోమని రెండుమూడుసార్లు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పారని, పెద్దయ్యాక మా నాన్న నోట విన్నాను.

ఆ తోడేలు సినిమా మొదటిసారి వేసిన రోజున నేనక్కడే ఉన్నాను. కోటు తొడుక్కున్న దొరకి చందమామని చూడగానే ఒళ్లంతా వణుకు పట్టింది. నేల మీద పడ్డాడు, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు, నోటి వెంట నురగ. అప్పుడు మా వెనకనుంచి ఓ ఆడగొంతు, "ఓలమ్మ, అచ్చం మన సావుకారమ్మ లాగే కొట్టుకుంతన్నాడు. ఆవిడికీ పున్నమికే కదేటి వస్తాది" అంది. రెండుమూడు చోట్ల కిసుక్కుమన్నారు. నా మీద విసురుతున్న విసనకర్ర ఆగిపోయింది. అత్త తల వంచుకుని కొంగు అంచు పట్టుకు చూస్తోంది. దొర మొహం మీద వెంట్రుకలు మొలుస్తుంటే జనం టీవీ వైపు ఓసారి, ఆవిడ వైపు ఓసారి చూశారు. నాకు పదేళ్లు. ఒళ్లు మండిపోయింది, కానీ ఏం చెయ్యాలో తెలీలేదు.

మావయ్యకి తెలిసింది. టీవీ పక్కకొచ్చి నిలబడ్డాడు. "మీకు ఇంగిలీసు రాదు గదా, నే సెప్తాను ఇనండి" అన్నాడు. మావయ్య చదువు ఐదో తరగతి, అందులో ఇంగ్లీషు లేదు. "ఇతగాడు డాక్టరుబాబు. పదిమందికి మందులిచ్చినోడు. అడివిలో కుక్క కరిసి జొరం తగిలినాది. దెయ్యం నేదు, బూతం నేదు. జొరం వచ్చినపుడు ఒళ్లు తెలీదు, తగ్గితే మళ్లీ మన మడిసే." అంతే, అక్కణ్నుంచి సినిమా ఆయన చేతిలోకి పోయింది. ఇద్దరు దొరలు గ్లాసులు పట్టుకుని గుసగుసలాడుతుంటే, ఈ ఏడు వానలు పడతాయా లేదా అని మాట్లాడుకుంటున్నారన్నాడు. డాక్టరు పెళ్లాం చేతికి ఆవిడ అన్నలు ఓ చెక్కపెట్టె ఇస్తుంటే, "పుట్టింటోళ్లు సారె తెచ్చినారు" అన్నాడు. ఆడవాళ్లు తలలూపారు. మరి చుట్టాలు ఉత్తచేతుల్తో వస్తారా?

చివర్లో తోడేలు ఓ పాడుపడ్డ గుడిసెలో నక్కి ఉంటుంది. ఊరంతా కాగడాలతో బయట నిలబడుతుంది. పెళ్లాం ఒక్కతే తలుపు తీసుకుని లోపలికి వెళుతుంది, ఆవిడ చేతిలో ఏదో తళుక్కుమంటుంది. "సూడండి, ఊరోళ్లకి బయ్యం, ఆవిడికి నేదు. ఆ మెరిసింది తాళాలగుత్తి. ఎళ్లి సేతిలో ఎట్టినాది. జొరం దిగిపోనాది" అని మావయ్య టక్కున బటన్ నొక్కేశాడు. టీవీ నల్లబడింది. జనం ఊపిరి వదిలారు. ఒళ్లు తెలీక కొట్టుకునేవాడి చేతిలో తాళాలు పెట్టడం అక్కడున్న ప్రతి ఇంటికీ తెలిసిన వైద్యమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒక ముసలాయన మాత్రం, "శుభం పడనేదేటి?" అన్నాడు. "ఇంగిలీసోళ్లు శుభం ఎయ్యరు" అన్నాడు మావయ్య, టేపు బయటికి లాగుతూ.

తర్వాత చాలా వేసవులు ఆ టేపు తిరిగింది, చాలా వేసవులు మావయ్య అలాగే చెప్పాడు, అక్కడే ఆపాడు. చిత్రమేమిటంటే, ఊరి మాట కూడా మెల్లగా మారింది. "సావుకారమ్మకి జొరమొచ్చిందట" అనడం మొదలుపెట్టారు. జ్వరమన్నాక పలకరించాలి కదా, మజ్జిగ చెంబు పట్టుకుని ఒక్కొక్కరే ఇంటికి వచ్చేవారు. ఆ మొదటిరోజు మా వెనక కూర్చుని మాట జారిన మనిషి, అందరికన్నా ముందు వచ్చేది. కొన్నేళ్లకి శ్రీకాకుళంలో మంచి డాక్టరు దొరికి, రోజూ ఓ మాత్రతో అత్తకి మూర్ఛలు ఆగిపోయాయి. ఆలోగా ఆవిణ్ణి మనుషుల్లో కూర్చోబెట్టింది ఆ గీతల టేపే.

ఇక నేను మావయ్య కథని వేదంలా నమ్మాను. కాలేజీ హాస్టల్లో మా గదిలో పిల్ల ఒకతె ఆ సినిమా తను చూశానని, పెళ్లాం చేతిలో ఉన్నది తుపాకీ అనీ అంది. తాళాలని నేనన్నాను. మాటా మాటా పెరిగి పదిహేను రోజులు పలకరింపులు లేవు. ఇంగ్లీషు టీచరునయ్యాక, ఏటా సెలవులిచ్చే రోజున తొమ్మిదో తరగతికి ఈ కథ చెబుతూ వచ్చాను, తాళాలతో సహా. పదిహేనేళ్లుగా విన్న పిల్లలందరికీ ఇప్పుడెవరు సర్దిచెబుతారు?

డిస్కు తెచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో కూర్చుని వేశాను. బొమ్మ కడిగినట్టుంది, కింద మాటలు కూడా పడుతున్నాయి. గ్లాసుల దొరలిద్దరూ వానల గురించి మాట్లాడుకోలేదు, డాక్టర్ని ఎలా చంపాలా అని మాట్లాడుకున్నారు. సారె పెట్టెలో వెండిగుండు వేసిన పిస్తోలు ఉంది. అన్నలు దాన్ని చెల్లెలి చేతికిచ్చి, వాడింక నీ మొగుడు కాడన్నారు. గుడిసెలో ఆవిడ చేతిలో తళుక్కుమన్నది అదే. ఆవిడ కాల్చింది. వెంట్రుకలు రాలిపోయి, మంచివాడి మొహంతో డాక్టరుబాబు చచ్చిపోయాడు. కాఫీ చల్లారిపోయింది. ఏడుపొచ్చింది నాకు, డాక్టరుబాబు కోసం కాదు. అంత గొంతు పెట్టుకుని, నలుగురి ముందూ ఈ ముగింపుని దాచిపెట్టినవాడి కోసం. మావయ్య పోయి అప్పటికి నాలుగేళ్లు.

అత్తకి చూపించాలనిపించింది, చూపించకూడదనీ అనిపించింది. నా చెయ్యి జారి చివరిదాకా పోయిందంటే, మావయ్య అన్నేళ్లు కట్టుకొచ్చింది నేనే కూల్చినట్టవుతుంది. చివరికి డిస్కు సంచీలో పెట్టుకుని కోటబొమ్మాళి రైలెక్కాను. వాళ్లబ్బాయి కింద కొట్లో ఉన్నాడు. అత్త మేడ మీద మినప్పప్పు ఏరుతోంది. "ఏటే అమ్మీ, సెప్పకుండా వచ్చినావు? సిక్కిపోనావు" అంది. నేను చిక్కింది ఎప్పుడూ లేదు, ఆవిడ ఆ మాట అనకపోయిందీ ఎప్పుడూ లేదు. మావయ్య తాళాలగుత్తి ఇప్పుడు ఆవిడ నడుముకే ఉంది. డిస్కు మీద బొమ్మ చూసి, "ఓలమ్మ, డాక్టరుబాబు" అని చేట పక్కన పెట్టేసింది.

వాళ్ల టీవీలో డిస్కు వేసి, రిమోటు నా చేతిలో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ మావయ్య మాటలన్నీ వరసగా చెబుతూ చూసింది. వానలు, సారె, అన్నీ. గుడిసె తలుపు తెరుచుకుంది. చేతిలో తళుక్కుమనగానే నొక్కేశాను.

అత్త నా చేతిలో రిమోటు వైపు చూసి, "నువ్వూ అక్కడే ఆపీసినావు" అంది. "ఆ తరవాత తుపాకీ ఉన్నాది గదా."

రిమోటు పక్కన పెట్టేశాను.

"రెండో ఏడే సూసినాను. మీ మావయ్య దాన్యానికి టెక్కలి ఎల్లినాడు. ఒక్కదాన్నీ ఏసుకుని సివరిదాకా సూసినాను."

"మరి మావయ్యకి చెప్పలేదా అత్తా?"

"ఎందుకే? అంత కట్టపడి సెప్తన్నాడు. నాకు తెలిసిపోనాదని తెలిస్తే ఆ మడిసి మరి నోరెత్తునా?" తాళాలగుత్తిని ఒళ్లోకి తీసుకుని ఒక్కొక్క తాళమే జరిపింది. "ఆ పిల్లకి అన్నలిచ్చినట్టే, ఈయనకీ ఇచ్చినోళ్లున్నారే అలాటి పెట్టె. ఇంటికొచ్చి మరీ ఇచ్చినారు. ఈయన పుచ్చుకోనేదు. తాళాలే ఎట్టినాడు నా సేతిలో."

అంతసేపూ ఆవిడ కళ్లు పొడిగానే ఉన్నాయి. నావే ఆగలేదు. లేచి ఆవిడ పక్కన, చిన్నప్పుడు కూర్చున్నట్టే ఆనుకుని కూర్చున్నాను. వేసవి మధ్యాహ్నం, కింద కొట్లో ఎవరో బస్తా దింపిన చప్పుడు, ఊకదుమ్ము వాసన మేడ దాకా వచ్చింది. మిగతాది వెయ్యనా అని అడిగాను. వద్దంది. నేను డిస్కు బయటికి తీస్తుంటే, "శుభం పడనేదేటి?" అంది, మొహం మామూలుగా పెట్టి.

"ఇంగిలీసోళ్లు ఎయ్యరత్తా" అన్నాను.

కాలం ఎవరి కథనీ మనకి కావలసినచోట ఆపదు. మావయ్య మాత్రం, ఏటా కొన్ని ఆదివారం మధ్యాహ్నాలు, దాన్ని సరిగ్గా గుమ్మం దగ్గర ఆపగలిగాడు, మా అత్త నడిచి మనుషుల్లోకి వచ్చేదాకా.