ఆవుకు పెట్టిన పథ్యం

మా అక్క పురిటికి వచ్చిన నెలలోనే మా జెర్సీ ఆవు కూడా ఈనింది. గన్నవరం పక్కన మా ఊళ్లో సంకరజాతి ఆవులు కొత్తగా కనబడుతున్న రోజులవి, డెబ్బైల్లో. నాన్న బెజవాడ వెళ్లి తోలుకొచ్చిన ఆవు. తేనెరంగు ఒళ్లు, పొట్టి కొమ్ములు. దాన్ని పాకలో కట్టిన రోజు నాన్న చెప్పులు విడిచి నిలబడి ప్రార్థన చేశాడు. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. అక్షరాలు నాన్న దగ్గరే దిద్దుకున్నాను, దేవుడికి కృతజ్ఞత చెప్పడమూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

అక్కకు పాలు చాలేవి కావు. పసివాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకునేవాడు. ఆవుపాలు కాచి, నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పడితేనే నిద్రపోయేవాడు. ఆ ఆవు మీదే వాడి ప్రాణం నిలిచి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

పురుడంటే మా నాయనమ్మదే పెత్తనం. అక్కకు పాతబియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, కొలిచి ఇచ్చే కాచిన నీళ్లు. పప్పు వాతమని, పెరుగు చలవని దగ్గరికి రానిచ్చేది కాదు. ఆవుకూ అలాంటి పథ్యమే పెట్టింది. మా ఇంట్లో గేదె ఈనినప్పుడల్లా జరిగేదే అది: నూనె తీసిన నువ్వుల చెక్క, అదే తెలగపిండి, మానేసి, తవుడు గుప్పెడు చల్లి, కడుపుకు ఎండు వరిగడ్డి వేయడం. పచ్చి ఒంటికి చెక్క పెడితే పొదుగు వాచిద్దని ఆమె భయం. గేదెలు ఆ పథ్యానికి పాలు తగ్గించేసి ఒళ్లు కాపాడుకునేవి. ఈ ఆవుకు అది చేతకాలేదు. రోజురోజుకూ ఇంకా ఎక్కువ ఇచ్చింది.

"ఏం పిన్నీ, ఆవుకీ మనవరాలికీ ఒకటే వంటా?" అంది పక్కింటామె గడపలో నిలబడి.

"రెండూ ఆడప్రాణాలే గదే. నీ కోడలు నీ మాట వినదని నా మీద పడ్డావా?"

"ఆ ఆవు తుంటి ఎముకకి సంచి తగిలించొచ్చు. చూశావా అసలు?"

"పాలు చూడు ముందు. బక్కదైతే అన్ని పాలు ఎక్కణ్ణించి వచ్చినయ్యే?"

నాన్న పొద్దున్నే పాలచెంబు ముందు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పేవాడు. మేమంతా ఆమెన్ అనేవాళ్లం. చెంబు నిండుగానే ఉండేది.

తర్వాత ఆవు నోటినుంచి మాగిపోయిన పండు వాసన రాసాగింది. నాయనమ్మ దాన్ని మంచి వాసనే అనుకుంది. మర్నాటికి తవుడు ముట్టలేదు, పాక గోడ నాకుతూ నిలబడింది. ఆ సాయంత్రం ముందుకాళ్లు మడిచి కూలబడింది, మళ్లీ లేవలేదు.

నాన్న గన్నవరం నుంచి పశువుల డాక్టరుగారిని సైకిలు మీద తీసుకొచ్చాడు. ఆయన ఆవు నోరు వాసన చూసి, మెడనరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. ఏం మేపుతున్నారని అడిగి, విని, ఆవు తుంటి ఎముక తడిమి చూశాడు.

"పాలు తగ్గలేదు గదండీ," అన్నాడు నాన్న.

"తగ్గవండీ, చిక్కంతా అదే. మెదడు అడుగున చిన్న గ్రంథి ఉంటుంది. పెరుగుదల హార్మోనని దాంట్లోంచి వస్తుంది. దూడకి కండ పెంచేది అదే. ఈనిన ఆవులో ఒంట్లో కొవ్వు కరిగించి పాలకి పంపేదీ అదే. ఇట్టా ఎక్కువ పాలిచ్చే జాతిలో దాని జోరు ఎక్కువ. మేత పెడితే మేతలోంచి ఇచ్చిద్ది, పెట్టకపోతే ఒంట్లోంచి."

"కొవ్వంతా అయిపోతే?" నాయనమ్మ అడిగింది.

"కండని అది కాపాడాలనే చూసిద్ది, పెద్దమ్మగారూ. కానీ మేతలో మాంసకృత్తులు ఉండాలి గదా. తెలగపిండిలో ఉండేవి అవే. అవి లేకపోతే కండ కూడా కరిగి పాలైపోయిద్ది. ఇంత కొవ్వు ఒక్కసారి కరిగి మీద పడితే కాలేయం తట్టుకోలేదు. నోట్లో ఆ పండు వాసన అందుకే."



తెల్లవారుజామున దూడ కట్టు తెంచుకుని వచ్చి తల్లి పొదుగు పొడిచింది. తల ఎత్తలేని ఆవు చేపింది. చారెడు పాలు దూడ నోట్లోకి, మిగిలినవి గడ్డి మీదికి. పొద్దెక్కేసరికి ఆవు పోయింది.

పసివాడు ఆకలికి లేచి ఏడుస్తుంటే పక్కింటామె గేదెపాల చెంబు తెచ్చి గడప మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయింది. ఆమెను ఈనాటికీ ప్రార్థనలో తలుచుకుంటాను. ఆ ఆవునూ తలుచుకుంటాను. పశువు కోసం స్తోత్రం చెప్పవచ్చో లేదో ఎవరినీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం నాయనమ్మ పొయ్యి మీద కందిపప్పు పెట్టింది. అక్క కంచంలో అన్నం మీద ముద్దపప్పు వేసి, పక్కన పెరుగు కూడా పెట్టింది.

"వాతం చేసిద్దన్నావు గదా నాయనమ్మా?" అంది అక్క.

"తిను," అంది ఆమె. అక్క ముంజేతిని రెండు వేళ్లతో చుట్టి చూసింది. వేళ్ల చుట్టులో ఇంకా ఖాళీ మిగిలింది, చెయ్యి అంత సన్నబడింది. ఇంకో గరిటె పప్పు వేసింది.