గిన్తీలో ఐదో నంబరు

ఇప్పుడు ఎవరైనా పొద్దున్నే నిద్ర లేపితే నాకు కోపం రాదు, కాస్త దిగులేస్తుంది. ఆ రోజుల్లో మాత్రం ఈ లోకంలో నా నిద్రకన్నా విలువైనది ఇంకోటి లేదని గట్టిగా నమ్మేవాణ్ని. పందొమ్మిదేళ్ల వయసు, సూరత్ బట్టల మార్కెట్‌లో చీరలు మడతపెట్టే కొలువు, లాక్‌డౌన్ పుణ్యమా అని అదీ బంద్. లింబాయత్‌లో మా గల్లీ సాంచాలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ ఆ మరమగ్గాల చప్పుడులో పడుకున్నవాణ్ని, చప్పుడు లేకపోతే మనిషి ఎంతసేపు నిద్రపోగలడో మొదటిసారి తెలిసింది. ఆ సుఖానికి అడ్డుపడింది ఒక్కరే, మా తాత.

తాత మిలిటరీ మనిషి. సిపాయిగా చేరి, హవల్దారుగా దిగి, కొడుకు వెంట సూరత్ వచ్చాడు. (చిన్నప్పుడు గల్లీ పిల్లలకు మా తాత తుపాకితో ఎంతమందిని కాల్చాడో నోటికొచ్చినట్టు చెప్పేవాణ్ని. నిజానికి ఆయన కొలువంతా మంచుకొండల మీదికి రేషన్ మోసే కంచరగాడిదలతోనే గడిచింది. "ఎంతమందిని సంపినవ్ తాతా?" అని అడిగితే, "ఒక్కన్ని గూడ సంపలే బిడ్డా. నలభై గాడిదలను బతికిచ్చిన, సాలదా?" అనేవాడు.) ఆ కొండల్లో ఒకసారి మంచు కురుస్తుంటే లెక్కలో ఒక గాడిద తగ్గిందట. అది దొరికేదాకా తాత అన్నం ముట్టలేదట. అప్పటి నుంచీ ఆయనకు ఒకటే నియమం, గిన్తీ, అంటే తలల లెక్క, పూర్తి కానిదే నోట్లోకి ముద్ద పోదు.

లాక్‌డౌన్‌లో మేమంతా ఇంట్లోనే దొరికేసరికి ఆ నియమం వచ్చి మా నెత్తిన పడింది. పొద్దున ఆరింటికి డాబా మీద వరసలో నిలబడాలి. తాత "గిన్తీ కర్!" అని అరిచేవాడు. బాపమ్మ "ఏక్", బాపు "దో", అమ్మ "తీన్", అక్క "చార్", నేను "పాంచ్". ఆ తర్వాత "లైన్ తోడ్!" అంటే అందరం గిరుక్కున తిరిగి తలో దిక్కు పోవాలి. అప్పుడే ఛాయ్. రెండో వారానికల్లా నేను పక్కలోంచే "పాంచ్" అని అరవడం నేర్చాను. తర్వాత ఆ అరుపూ బరువైపోయింది. నా ఫోన్‌లోని నెట్ వాడుకోనిచ్చి, నా నంబరు కూడా అక్కనే చెప్పమన్నాను. ఆ మహాతల్లి "చార్" అని, వెంటనే గొంతు బొంగురు చేసి "పాంచ్" అంది. తాత కిందికి దిగొచ్చి నా దుప్పటి లాగేశాడు. "ఏందిరా, మీ అక్క గొంతుల ఎప్పుడు జొచ్చినవ్? నా గాడిదలు గూడ గిట్ల జెయ్యలే!"

మరుసటి ఏడు ఎండాకాలంలో తాతకు ఆయాసం పట్టుకుంది. నిలువెల్లా తెల్ల సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చి, వెంట ఎవరూ రావద్దన్నారు. అంబులెన్సు ఎక్కుతూ తాత తలుపు పట్టుకుని ఆగాడు. గుమ్మంలో ఉన్న మా వైపు తిరిగి, ఆ రొప్పులోనే "గిన్తీ కర్" అన్నాడు. ఏక్, దో, తీన్, చార్ అయ్యాయి. నా వంతొచ్చింది. నోరు తెరిస్తే ఏడుపు బయటపడుతుందని పళ్లు బిగబట్టుకున్నాను. తాత నన్నే చూస్తూ ఆగాడు. వాళ్లు తలుపు మూసేశారు. ఆరోనాడు ఫోన్ వచ్చింది. దహనం కూడా వాళ్లే చేశారు, మమ్మల్ని చూడనివ్వలేదు.

పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెట్టడం మా ఆచారం. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టు, ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. పదకొండోనాడు డాబా మీద విస్తరి వేశాం. మటన్ కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఒక బీడీ. తాత ప్రాణం పెట్టే రమ్ము, మందు నిషేధమున్న గుజరాత్‌లో ఎక్కడి నుంచి తెస్తాం? బాపు గ్లాసులో పాలు లేని ఛాయ్ పోసి, "రంగు గదే గదా" అన్నాడు. నాలుగు కాకులు వచ్చి నీళ్ల ట్యాంకు మీద కూర్చున్నాయి. మూతులకు మాస్కులతో మేం ఐదుగురం విస్తరి చుట్టూ నిలబడ్డాం. గంట గడిచినా ఒక్కటీ దిగలేదు. ఎదురు డాబా మీది గుజరాతీ మాసీ "కాగడో ఆవ్యో?" అని కాకి గురించి మూడుసార్లు అడిగింది. బాపు దండం పెట్టి, "పిల్లకు మంచి సంబంధం జేస్త నాయినా, ముట్టు" అన్నాడు. "ఛాయ్ అని తెల్సిపోయింది తాతకు" అని అక్క గొణిగితే అమ్మ దాని నెత్తిన ఒక్కటిచ్చింది.

మామూలు రోజైతే పడీ పడీ నవ్వేవాళ్లం. కానీ బాపమ్మ పొద్దుటి నుంచి పచ్చి గంగ ముట్టలేదు. అసలే షుగర్ మనిషి, ఎండలో పెదవులు ఎండిపోయి చేతులు వణుకుతున్నాయి. "ఆయిన ముట్టందే నేను ముట్ట. కోపంతోటి పోయిండు. ఒక్కన్నే పంపితిమి గదరా!" అని ఏడ్చింది.

"నీ మీద కాదు బాపమ్మా, నా మీద కోపం. గిన్తీ పూర్తి కాలే. నేను పాంచ్ అనలే," అన్నాను. అన్నాళ్లుగా ఆపుకున్న ఏడుపంతా అప్పుడొచ్చింది.

బాపమ్మ నన్ను తిట్టలేదు. కొంగుతో నా మొహం తుడిచి, "అయితే ఇప్పుడను. నిలవడుండ్రి అందరు!" అంది. తనే వరసలో మొదట నిలబడి "గిన్తీ కర్!" అని అరిచి, తనే "ఏక్" అంది. (అన్నేళ్ల కాపురంలో మొగుడి మాట ఆమె నోట రావడం అదే మొదలు.) దో. తీన్. చార్. నేను గొంతు చించుకుని "పాంచ్!" అన్నాను. ఆ అరుపుకు నాలుగు కాకులూ ఎగిరిపోయాయి.

"ఓరి నీ గొంతు పాడుగాను!" అన్నాడు బాపు. బాపమ్మ మాత్రం కదల్లేదు. "లైన్ తోడ్!" అంది. అలవాటు కొద్దీ అందరం గిరుక్కున తిరిగి మెట్ల వైపు నడిచాం. వెనక ఠంగుమని గ్లాసు పడ్డ చప్పుడైంది. తిరిగి చూస్తే ఒక కాకి ఛాయ్ గ్లాసు తన్నేసి, మటన్ ముక్క నోట కరుచుకుని ఉంది.

ఐదుగురం చుట్టూ కాపలా కాస్తుంటే ఏ కాకి మాత్రం దిగుతుంది, మేం చెదిరితే చాలని అది చూస్తోందని నాకు అప్పుడే తెలుసు. కానీ బాపమ్మ "జూసినవా, నీ కొరకే ఆగిండు!" అని చెంబెడు నీళ్లు గటగటా తాగుతుంటే ఆ మాట అనడానికి నేనెవర్ని?

ఇప్పుడు హజీరాలో నా కొలువు. పొద్దున ఐదున్నరకు కంపెనీ బస్సులో సూపర్‌వైజర్ పేర్లు పిలుస్తాడు. అందరూ నిద్రమత్తులో చెయ్యెత్తి ఊరుకుంటారు. నేను మాత్రం బస్సు అద్దాలు అదిరేలా "హాజర్!" అంటాను. వాళ్లు నవ్వుతారు, నాకూ నవ్వొస్తుంది. దుప్పట్లోంచి పలకడానికే బద్ధకించిన ఆ పందొమ్మిదేళ్లవాణ్ని తాత ఎన్ని పొద్దులు పిలిచాడో, నేనూ ఇక అన్ని పొద్దులూ పలుకుతాను.