ఒక ఉత్తరం కోసం కోరుట్ల నుంచి సిరిసిల్లకు

నేను పెద్దగా రాసేవాణ్ణి కాదు. నా చదువు ఊరి బడిలో ఏడో తరగతితోనే ఆగింది. ఈ మధ్య మా ఊరి కిరాణా దుకాణం ఆయన, తన బిడ్డ ఫోరెన్సిక్ సైకాలజీ చదువుతానంటోందని, మీ మనుమరాలిని అప్పట్లో సిరిసిల్లకు ఎట్లా తీసుకుపోయారని అడిగాడు. ఇంకెవరికైనా పనికొస్తుందని ఆయనకు చెప్పిందే రాస్తున్నాను. ఇది తెలంగాణ ఉద్యమం నాటి ముచ్చట. బస్సులు బంద్ ఉన్న రోజులు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పుడు అన్నీ కరీంనగర్ జిల్లాలోనే.

మా మనుమరాలు సౌజన్య డిగ్రీలో సైకాలజీ చదివి, రెండేళ్ళ ఎమ్మెస్సీకి గుజరాత్ వైపు ఒక యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టింది. నేరం చేసినవాళ్ళ మనసు, నేరానికి బలైనవాళ్ళ మనసు, చనిపోయినవాళ్ళు చివరి రోజుల్లో ఎట్లా ఉన్నారన్నది కోర్టుకు అర్థమయ్యేట్టు రాసి ఇచ్చే చదువట. చదివినాక జైళ్ళలో, బాలల హోముల్లో, కోర్టు అడిగే నివేదికల్లో పని ఉంటుందని నాకు చెప్పింది. అయితే ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ‘ఈ అమ్మాయికి ఇది వస్తుంది’ అని ఉత్తరం ఇవ్వాలి. మా కొడుకు ఒకటే మాట అన్నాడు. ఉత్తరం వస్తే గుజరాత్, రాకపోతే బి.ఎడ్. గడువు ఇక వారమే ఉంది. కోర్టుకు ఇట్లాంటి నివేదికలు రాసే మేడం ఒకరు సిరిసిల్లలో ఉన్నారు, ఉత్తరం ఆమె ఇవ్వగలరు. కొడుకు కుట్టు మిషన్ వదిలి రాలేనన్నాడు. తోడుగా నన్ను పంపారు.

పొద్దున ఆరింటికి కోరుట్లలో నిలబడ్డాం. మామూలుగా కథలాపూర్, రుద్రంగి మీదుగా పోతే దగ్గర. ఆ రోజు ఆ దారిలో ఒక్క బండీ లేదు. షేర్ ఆటోలో జగిత్యాలకు పోయాం. మనిషికి ముప్పై రూపాయలు, గంట ప్రయాణం. అక్కడ చాలాసేపు వెతికితే ఖాదర్ అనే ఆయన జీపు దొరికింది. బస్సుకు నలభై కూడా కాని దారికి వంద అడిగాడు. సిరిసిల్ల దాకా పోతుందా అని అడిగాను.

"రోడ్డు ఎంత ఇడిస్తె గంత పోత బాపూ. పైసలు దిగినంక ఇయ్యిరి," అన్నాడు.

పదిమంది పట్టే జీపులో పదహారుమందిమి కూర్చున్నాం. సౌజన్య ఒళ్ళో నాలుగు పేజీల ప్రశ్నల కాగితం. ఆత్మహత్య చేసుకున్న ఒక నేత కార్మికుడి ఇంటికి పంపిస్తానని మేడం ముందే ఫోన్లో చెప్పారట. చావు ఇంట్లో ఎట్లా మెలగాలో పిల్లకు కొంచెం చెప్పాలనుకున్నాను. ముఖ్యంగా ఒక సంగతి. మా వైపు చావు జరిగిన ఇంటి నుంచి లేచేటప్పుడు ‘పోయి వస్త’ అనరు. మాట చెప్పకుండానే బయటికి రావాలి. సంవత్సరీకం అయ్యేదాకా పెద్దలు దీన్ని పాటిస్తారు. అంతమంది మధ్య ఆ ముచ్చట ఎత్తడానికి నాకు మొహమాటం అడ్డం వచ్చింది. దిగినాక చెబుదాంలే అనుకున్నాను.

వేములవాడ ఇంకా కొంత దూరం ఉందనగా రాష్ట్రం కోసం నడిరోడ్డు ఆపి వంటావార్పు చేస్తున్నారు. పొయ్యిల మీద పెద్ద గంజులు, చుట్టూ జనం, అటూ ఇటూ ఆగిన బండ్లు. అప్పటికే పదకొండున్నర. మేడం ఒంటిగంటకు రమ్మన్నారు. సౌజన్య దిగి, గరిటె పట్టుకున్న మీసాలాయనను బతిమాలింది. తిన్నవాళ్ళ బండినే వదులుతామని ఆయన షరతు పెట్టాడు. తారు రోడ్డు మీదే కూర్చుని అన్నం, పప్పుచారు తిన్నాం. వడ్డిస్తూ ఏం చదువుతున్నావని అడిగాడు. మనిషి మనసులో ఏం జరిగిందో కనిపెట్టే చదువని చెప్పింది.

"అట్లనా? అయితె ముందుగాల ఢిల్లోళ్ళ మనసు కనిపెట్టు బిడ్డా. ఇస్తరా, ఇయ్యరా?"

"వాళ్ళు నాతోని మాట్లాడాలె గద పెద్దనాయినా."

"గదే మా బాధ. మాతోని గుడ మాట్లాడరు," అని ఇంకో గరిటె చారు పోశాడు. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. బండి వదిలారు.

ఒంటిగంట దాటి పది నిమిషాలకు సిరిసిల్లలో దిగాం. మేడం నెమ్మదైన మనిషి. చనిపోయినాయన గురించి పోలీసు కాగితంలో కడుపునొప్పి భరించలేక అని ఉందని, కోర్టు అసలు సంగతి అడుగుతోందని, ఆయన భార్య మాట్లాడతానని ఒప్పుకుందని చెప్పారు. సౌజన్యతో ఇంకో మాట అన్నారు.

"మొదటిసారి ఎవరైనా మర్యాదకు రానిస్తరు. ఆమె నిన్ను రెండోసారి రమ్మంటే ఉత్తరం రాస్త. లేకుంటే రాయను. ఏమనుకోకు."

మేడం చూపించిన సందులో మరమగ్గాల చప్పుడుకు మాట వినబడదు. వాటిని అక్కడ సాంచాలు అంటారు. వంగి వంగి ఇల్లు వెతుక్కుంటూ పోవడంలో నేను చెప్పాల్సిన మాట మళ్ళీ మిగిలిపోయింది. చనిపోయినాయన భార్య పేరు భాగ్య. ముప్పై ఏళ్ళుంటాయి. ముందు చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. భర్త పోయి నాలుగు నెలలు. అత్త గడప దగ్గర కూర్చుంది. సౌజన్య కాగితం చూసి ఒక్కొక్కటే అడిగింది. నిద్ర పట్టేదా, అన్నం సరిగ్గా తినేవాడా, ఎవరితోనైనా గొడవ పడ్డాడా. అన్నిటికీ తెల్వది, ఏమో అనే జవాబు. ఆమె చేతులు ఒక్కసారీ ఆగలేదు. చివరికి, "కడుపునొప్పి అని రాసిన్రు గద. నువ్వు గుడ గదే రాసుకో," అన్నది.

అరగంటలో అయిపోయింది. సౌజన్య ముఖం చిన్నబోయింది. కాగితం మడిచింది. నేను తువ్వాల భుజాన వేసుకుని, మాట లేకుండా లేచాను. పిల్ల రెండు చేతులు జోడించి, ఏ ఇంట్లోనైనా అన్నట్టే, "మళ్ళ వస్త అక్కా," అన్నది.

అత్త వెంటనే అందుకుంది. "సావు ఇంట్ల గట్లనద్దని తెల్వదా? ఏం సదువులో ఏమో."

"తప్పు నాది తల్లీ. నేను చెప్పలే. పిల్లకు తెల్వది," అన్నాను. ఆ రెండు రోజుల్లో నేను గట్టిగా మాట్లాడింది అదొక్కటే.

భాగ్య చేతుల్లో బీడీ ఆగింది. అత్తను చూడలేదు, నన్ను చూడలేదు. సౌజన్యను చూసింది.

"నాలుగు నెలలాయె. ఎంతమంది అచ్చిన్రో. అందరు చెప్పకుంటనే లేచిపోయిన్రు. గది పద్ధతే, నేను గాదన. గని మళ్ళ ఒక్కలు రాలే చెల్లె." చేతిలో బీడీ చాటలో పెట్టి అన్నది. "రేపు రా. పదింటికి. గా కాయిదం తేకు."

అత్త గడప దగ్గర నుంచి జరిగి మాకు దారి ఇచ్చింది.

ఆ సాయంత్రం తిరిగి పోవాలనుకున్నవాళ్ళం దగ్గరలోని వేములవాడకు పోయి గుడి దగ్గర సత్రంలో గది తీసుకున్నాం. నూటయాభై రూపాయలు. మర్నాడు పదింటికి సౌజన్య వట్టి చేతులతో, ఒక్కతే భాగ్య ఇంట్లోకి పోయింది. నేను సందు మొదట్లో హోటల్లో కూర్చుని నాలుగు చాయలు తాగాను. పన్నెండున్నరకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె ఏం చెప్పిందో నేను అడగలేదు. ఈ రోజుకూ నాకు తెలియదు. మేడం దగ్గరికి పోతే ఆమె కూడా ముందు ఒక్కటే అడిగారు, మళ్ళీ రమ్మన్నదా అని. వచ్చే గురువారం రమ్మన్నదని సౌజన్య చెప్పింది. మేడం సొరుగు లాగి కాగితం తీసుకున్నారు.

గుజరాత్ పోయేదాకా సౌజన్య ఆ ఇంటికి ఇంకో మూడుసార్లు పోయింది. రెండుసార్లు నేనూ పోయాను. చివరిసారి అత్తే చాయ పెట్టింది. ఇప్పుడు సౌజన్య హైదరాబాదులో బాలల హోములో పిల్లలతో మాట్లాడి కోర్టుకు నివేదికలు రాస్తుంది. ఆ రోజు జీపులో నేను నోరు తెరిచి పద్ధతి చెప్పి ఉంటే పిల్ల మర్యాదగా, మాట లేకుండా లేచి వచ్చేది. ఇవాళ ఎక్కడో బడిలో పాఠం చెబుతుండేది. అది కూడా మంచి పనే. కానీ భాగ్య తలుపు దగ్గర మళ్ళీ ఎవరు నిలబడేవారని అప్పుడప్పుడు అనుకుంటాను. పద్ధతులు నేను ఇప్పటికీ పాటిస్తాను. ఆ ఒక్క ఇంటి నుంచి మాత్రం వస్తానని చెప్పే లేచేవాణ్ణి.

ఇట్లాంటి పనిమీద సిరిసిల్ల పోయేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటి. తిరుగు ప్రయాణం అదే రోజుకు పెట్టుకోకండి. రెండోసారి పోవడానికి ఒక రోజు చేతిలో ఉంచుకోండి.