తాతయ్యకు ఆవకాయ వడ్డించిన రోజు

నా చిన్నప్పుడు బడి తెరిచిన వారం మా ఇంటి ముందు పిల్లలు బారులు తీరేవారు. అంతా మా తాతయ్య కోసమే, ఇంకా చెప్పాలంటే తాతయ్య దగ్గరికి వచ్చే రష్యా పత్రికల కోసం. ఆ కాగితం నున్నగా, దళసరిగా, రంగు బొమ్మలతో మెరుస్తూ ఉండేది. దాంతో నోటుపుస్తకానికి అట్ట వేస్తే ఏడాదంతా చిరిగేది కాదు. గుంటూరు జిల్లాలోని మా పల్లెలో సగం మంది పిల్లలు కమ్యూనిజాన్ని మొదట చూసింది ఆ అట్టల మీదే. లోపల లెక్కలు తప్పులతడకగా ఉన్నా, పైన మాత్రం ట్రాక్టర్లూ నవ్వే మనుషులూ ఉండేవారు.

మా తాతయ్య ఊళ్ళో పార్టీ పెద్ద. దేవుణ్ణి నమ్మని మనిషే గానీ, ఆయన మాట నాకు వేదం. భూమి అందరిదీ కావాలి, కష్టం అందరూ పంచుకోవాలి, ఎవరికి ఎంత అవసరమో అంత అందాలి అని అరుగు మీద కూర్చుని చెబుతుంటే అన్నం సంగతి కూడా మరిచిపోయి వినేదాన్ని. ఆయన చెప్పి ఊరుకోలేదు. తనకున్న రెండెకరాలూ ముందుగా కలిపేసి, మరో పదిమందితో ఉమ్మడి సేద్యం మొదలుపెట్టాడు. అందుకే ఆయన్ని ఉత్త కబుర్ల మనిషి అని ఎవరైనా అంటే ఈ వయసులోనూ నేను ఊరుకోను.

ఐదో తరగతిలో నా తెలుగు నోటుపుస్తకం అట్ట మీద ఒక అమ్మాయి ఉండేది. నా ఈడుదే. తలకు ఎర్ర రుమాలు కట్టుకుని, గుండెలకు ఇంత పత్తి హత్తుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ చేలో నిలబడి ఉండేది. ఆ దేశంలో పంట కాలం రాగానే బడిపిల్లలు పాటలు పాడుకుంటూ వెళ్ళి పత్తి తీస్తారని కింద తెలుగులోనే రాసి ఉంది. నాకు ఆ పిల్ల ఎంత నచ్చిందంటే, అమ్మ ఎర్ర చీర కొంగు చింపి నేనూ రుమాలు కట్టుకున్నాను. దానికి వీపు మీద రెండు పడ్డాయి కూడా.

ఆ ఏడాది ఉమ్మడి చేలో పత్తి ఒక్కసారిగా విచ్చింది. ఆకాశం నిండా మబ్బులు, ఆడవాళ్ళంతా ఎవరి చేలో వాళ్ళు తీతలో ఉండటంతో కూలీలు దొరకడం లేదు. వాన పడితే తెల్లటి పత్తి నల్లబడిపోతుంది. తాతయ్య నా పుస్తకం అడిగి తీసుకుని, అట్ట వంక కాసేపు చూసి, మనమూ ఇలాగే చేద్దామన్నాడు. రెండు వారాలు బడికి సెలవిప్పించి పిల్లలందర్నీ పత్తి తీతకు దింపాలని ఆయన ఆలోచన. హెడ్మాస్టరుగారు సరేనన్నారు. తాతయ్యకు కాదని చెప్పే మనిషి ఊళ్ళో లేడు మరి. నాకైతే కాళ్ళు నేల మీద నిలవలేదు. రుమాలు ఉతికి ఆరేసుకున్నాను.

కాదని చెప్పే మనిషి ఊళ్ళో లేడు గానీ ఇంట్లో ఉంది. మా అమ్మమ్మను రెండో తరగతిలో ఉండగా ఒక్క పంటకు సాయమని చేలోకి పంపారట. ఆ పంట అయ్యేసరికి ఇంకో పంట వచ్చింది. ఆమె మళ్ళీ బడి గడప తొక్కలేదు, జీవితమంతా వేలిముద్రే వేసింది. మా తరగతిలో పదకొండు మంది ఆడపిల్లలం. రెండు వారాలు చేలో పనికి అలవాటు పడితే మాలో సగం మందిని ఇంక బడికి పంపరని ఆమె భయం. "ఒకసారి చేలోకి దింపిన ఆడపిల్లను మళ్ళీ బడికి ఎవరు పంపుతారు?" అని తాతయ్యను ఒకటికి రెండుసార్లు అడిగింది. అవి పాత రోజులనీ, మనం కట్టేది కొత్త సమాజమనీ ఆయన నవ్వేశాడు.

అమ్మమ్మ వాదన పెంచలేదు. చేట పక్కన పెట్టి, మామూలు గొంతుతోనే అంది. "సరే, పిల్లలకు నేర్పేవాళ్ళకు ముందు పని వచ్చుండాలి గదా. రేపు పొద్దున మీరొక నాలుగు సాళ్ళు తీసి రండి."

తాతయ్యకు రోషం వచ్చింది. మా వైపు పత్తి తీత ఆడవాళ్ళ పని. అరకలు దున్ని, ఎరువు మోసి, మోకాటి లోతు బురదలో నాట్ల దగ్గర నిలబడిన తాతయ్య పత్తి మాత్రం ఎన్నడూ తీసి ఎరగడు. ఇన్నేళ్ళుగా కష్టజీవుల గురించి మాట్లాడుతూ కూడా, తన చేలో వంగి నడిచే ఆ ఆడవాళ్ళ వేళ్ళ వంక ఆయన ఎప్పుడూ చూడలేదనుకుంటాను.

తెల్లారి ఆయన వెంట నేనూ వెళ్ళాను, నెత్తిన రుమాలుతో. పత్తి చూడ్డానికి మెత్తనే. కాయ విచ్చుకుని ఎండాక దాని మొనలు మాత్రం సూదుల్లా నిలబడతాయి. పత్తి లాగిన ప్రతిసారీ అవి గోటి మొదట్లో గీరుతాయి. మొదటి సాలులో తాతయ్య పాట అందుకున్నాడు, నేను గొంతు కలిపాను. రెండో సాలుకు పాట ఆగింది. మూడో సాలు సగంలో ఆయన వేలు నోట్లో పెట్టుకోవడం చూశాను. నా వేళ్ళూ మండుతున్నాయి. నాలుగు సాళ్ళూ పూర్తిచేసే ఇంటికొచ్చాం. మొండితనంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు.

మధ్యాహ్నం అమ్మమ్మ పీటలు వేసింది. నాకు పెరుగన్నం కలిపి తనే ముద్దలు పెట్టింది. ఐదో తరగతి చదివే పిల్లకు ముద్దలేమిటని నేను సిగ్గుపడ్డాను. తాతయ్య కంచంలో మాత్రం పొగలు కక్కే అన్నం, దాని పక్కన నూనె తేలే ఆవకాయ. పప్పు లేదు, నెయ్యి లేదు. ఆయన మంచి ఆకలి మీద ఉన్నాడు. ఐదు వేళ్ళూ పెట్టి కలిపాడు.

గీరుకుపోయిన వేళ్ళకు కారం, ఉప్పు, ఆవపిండి కలిసి తగిలితే ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఆయన ముఖం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పౌరుషం కొద్దీ రెండు ముద్దలు తిన్నాడు. మూడోది నోటిదాకా వెళ్ళలేదు. అప్పుడు అమ్మమ్మ నా నోటుపుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చదువు రానిదాన్ని, అడుగుతున్నా చెప్పండి. ఈ పిల్ల చేతులు ఏవీ?" అంది.

నేనూ వంగి చూశాను. నెలల తరబడి రోజూ చూస్తున్న బొమ్మే. ఆ పిల్ల చేతులు రెండూ మణికట్ల దాకా పత్తిలో మునిగి ఉన్నాయి. ఒక్క వేలు కూడా బయటికి కనిపించడం లేదు. తాతయ్య కూడా బొమ్మ మీదికి వంగి వెతికాడు. తర్వాత, కాస్త పెరుగు వెయ్యమన్నాడు.

ఆ సాయంత్రమే పార్టీవాళ్ళందర్నీ మా అరుగు మీదికి పిలిచి, తన వేళ్ళు చూపించి, నేను పొరబడ్డాను అన్నాడు. పిల్లలు బడికే వెళ్తారని, పత్తి మగవాళ్ళమే తీద్దామని చెప్పాడు. కొందరు గొణిగారు, ఒకరిద్దరు అలిగారు. మర్నాటి నుంచి మాత్రం అందరూ వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని చేలోకి దిగారు. ఊళ్ళో ఆడవాళ్ళు పని కల్పించుకుని మరీ గట్టు మీదికి వచ్చి చూసి నవ్వుకున్నారు. వాన ముందే రావడంతో కొంత పత్తి నల్లబడింది, నష్టం తప్పలేదు. ఆ ఏడాది పరీక్షలు మాత్రం పదకొండు మందిమీ రాశాం.

ఇదంతా మళ్ళీ చెప్పాల్సి వచ్చింది గల్ఫ్‌లో మేముండే కరామా పేటలో, కోవిడ్ సద్దుమణిగి పిల్లలు మళ్ళీ బడిబస్సులెక్కిన ఏడాది ఏప్రిల్లో. ఇక్కడ మా అమ్మాయి వాళ్ళతో ఉంటున్నాను. మనవరాలి తొమ్మిదో తరగతి పుస్తకాలకు నేనూ పక్కింటి అక్కా కూర్చుని అట్టలు వేస్తున్నాం. అక్కది ఉజ్బెకిస్తాన్, ఒకప్పుడు రష్యా వాళ్ళ కిందే ఉన్న దేశం. నాలాగే కూతురి దగ్గర ఉంటుంది, నాకంటే ఏడాది పెద్ద. సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ ఆవిడది, ఇక్కడి కిరాణా కొట్లలో నేర్చుకున్న హిందీ నాది. మా స్నేహానికి అది చాలు. మనవరాలు చరిత్ర పుస్తకంలో రష్యా విప్లవం పాఠం తిరగేసి, "అమ్మమ్మా, కమ్యూనిజం మంచిదా కాదా, ఒక్క ముక్కలో చెప్పు" అంది. ఒక్క ముక్కలో చెప్పడం మా వంశంలోనే లేదు. కాబట్టి పై కథంతా చెప్పాను, దానికి తెలుగులో, అక్కకు హిందీలో.

అక్క కత్తెర పక్కన పెట్టేసింది. "ఆ బొమ్మలో ఉన్నది నాలాంటి పిల్లే" అంది. ఏటా పత్తి కాలంలో వాళ్ళ బడి మూసేసేవారట. వారాల తరబడి షెడ్లలో పడుకోవడం, రోజుకు ఇన్ని కిలోలని తూకం, తగ్గితే అందరి ముందూ తిట్లు. ఫోటో తీయడానికి వచ్చిన రోజు ఉతికిన రుమాళ్ళు కట్టి, తీయడం అయిపోగానే విప్పుకుని తీసుకెళ్ళిపోయారట. మంచి కూడా దాచలేదు ఆవిడ. చదువుకు, వైద్యానికి డబ్బు కట్టింది లేదని, వాళ్ళ వంశంలో చదువుకున్న మొదటి ఆడమనిషి వాళ్ళమ్మేనని గర్వంగానే చెప్పింది. వాళ్ళ నాన్న బడిపంతులు. పంట కాలంలో చిన్న తరగతులకైనా పాఠాలు జరపాలని ఒక్కసారి సమావేశంలో అడిగాడట. వారం తిరక్కుండా ఆయన్ని మారుమూల ఊరికి పంపేశారు. ఎందుకు పంపారో ఇంట్లో కూడా గొంతు తగ్గించే మాట్లాడుకునేవారట.

ఇదంతా చెప్పి, కాస్త దగ్గరికి జరిగి నన్ను అడిగింది. "బెహన్, ఆ తర్వాత మీ అమ్మమ్మను ఏం చేశారు?"

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడ అడుగుతున్నది అమ్మమ్మకు పడిన శిక్ష గురించని కాసేపటికి తెలిసింది. ఇన్నేళ్ళలో ఈ కథ ఎంతోమందికి చెప్పాను. అందరూ నవ్వారే గానీ ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. "ఏం చేస్తారక్కా? పెరుగు అడిగారు" అన్నాను. ఆవిడ నవ్వబోయి ఆగి, తన వేళ్ళ వంక చూసుకుంది.

మనవరాలికి జవాబు అప్పుడే దొరికింది నాకు. మా తాతయ్య కోరుకున్న లోకంలో నాకు ఇవాళ్టికీ తప్పు కనిపించదు. కానీ ఎంత మంచివాడైనా పొరబడతాడు. పొరబడిన పెద్దమనిషి కంచంలో ఆవకాయ వడ్డించి, మర్నాడు అదే పొయ్యి దగ్గర నిశ్చింతగా వంట చేసుకోగలిగింది మా అమ్మమ్మ. అక్క వాళ్ళ నాన్నకు ఆ నిశ్చింత లేదు. రెండు చోట్లా పుస్తకాల్లో రాసున్నది ఒకటే, బతుకులు మాత్రం వేరు.

కరామా బస్టాపుల్లో నవ్వే మనుషుల బొమ్మలకు కొదవ లేదు. ఏ జెండా వాళ్ళు పెట్టినా, ఏ కంపెనీ వాళ్ళు పెట్టినా నేను ముందు చేతులు వెతుకుతాను. ఆ చేతుల మనిషి ఎదురు మాట్లాడితే ఏం చేస్తారని అడుగుతాను. పెరుగు అడుగుతారనే జవాబు వస్తేనే ఆ బొమ్మను నమ్ముతాను.