ఆయన నడుము, నా పాదాలు

"నీళ్ళు కాగినాయా?"

"పొయ్యి మీదనే ఉండాయి. రొంత తాళు."

"తాళతాలే. నేనేమన్నా పరిగెత్తేటోన్నా?"

అవే మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు. నా మొగుడు వాకిట్లో నులకమంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయన తుంటి మీద పోయడానికి నేను లోపల వావిలాకు వేసి నీళ్ళు కాగబెడుతున్నాను. నీళ్ళు ఉడుకెక్కాక చెంబు పట్టుకుని బయటికొచ్చి పిలిచాను. పలకలేదు. నిద్రపట్టిందేమో, పాపం, లేపడమెందుకని చెంబు మీద మూత పెట్టి పక్కనే కూర్చున్నాను కూడా. పోయాడని చెప్పింది పక్కింటామె. గుండె ఆగిందన్నారు. నడుం నొప్పి మనిషిని చంపదని కర్నూలు డాక్టరు ముందే చెప్పాడు. చంపదు గానీ, బతకనివ్వదు.

నాకు చదువు రాదు. పేరు మాత్రం కూడబలుక్కుని రాస్తాను. అందుకే మా చెల్లెలి కూతురిని కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. ఆమె బడిలో పాఠాలు చెప్పే మనిషి. నా గొంతు గరగరలాడుతుంది, వినబడకపోతే మళ్ళీ అడగమన్నాను. నా మాటలు నువ్వు సరిచేసుకో తల్లీ, నేను చెప్పనిది మాత్రం చేర్చొద్దు అన్నాను.

మాది బేతంచెర్ల. బండల ఊరు. నేలలో నుంచి పలకలు పలకలుగా రాయి తీసి, నునుపు చేసి, ఇళ్ళలో పరచడానికి పంపుతారు. మా ఆయన గనిలో గడ్డపారతో బండలు లేపి మోసేవాడు.

నేను కాళ్ళు ముందుకొచ్చి పుట్టినదాన్ని. మా వైపు ఎదురుకాళ్ళ మనిషి అంటారు. అటువంటివాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని నమ్మకం. నాకు నడక వచ్చీరాకముందే జనం మా అమ్మ వాకిట్లో బోర్లా పడుకునేవాళ్ళు. అమ్మ నా చెయ్యి పట్టుకుని వాళ్ళ వీపుల మీద నడిపించేది. పెళ్ళయి అత్తగారింటికి వచ్చినా అది తప్పలేదు. గని ఊళ్ళో నడుం పట్టనివాళ్ళు ఎవరుంటారు? ఆదివారం పొద్దున చాప పరిస్తే చాలు, ఒకరి వెనక ఒకరు వచ్చేవాళ్ళు. డబ్బు పుచ్చుకోకూడదు, పుచ్చుకుంటే గుణం పోతుంది. గుప్పెడు శెనక్కాయలో, రెండు టెంకాయ చిప్పలో పెట్టి పోయేవాళ్ళు.

"మా కోడలివి కాళ్ళు ముందొచ్చినాయి, బుద్ధి ఇంగా దారిలోనే ఉండాది" అని మా అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అది ఎగతాళో, గొప్పో నాకిప్పటికీ తెలీదు. రెండూ కావచ్చు.

అటువంటి ఇంట్లో నా మొగుడికే నడుం పట్టింది.

కర్నూలు రాజధాని అయిన కొత్త. సర్కారు కచేరీలన్నీ గుడారాల్లో నడుస్తున్నాయనీ, కొత్త కట్టడాలు లేస్తున్నాయనీ చెప్పుకునేవాళ్ళు. ఆ కట్టడాలన్నిటికీ నేలకు బండలు కావాలి. గని దగ్గర లారీలు వరసగా నిలబడేవి. ఒకరోజు ఇద్దరు కలిసి బండ ఎత్తుతుంటే అవతలి మనిషి చెయ్యి జారింది. మా ఆయన వదిలేసి ఉంటే బండ ఆ మనిషి కాలి మీద పడేది. వదల్లేదు. నడుంలో ఏదో పుటుక్కుమందట. సాయంత్రానికి తుంటి నుంచి తొడ వెనకగా చిటికెనవేలి దాకా కాల్చిన తీగ లాగుతున్నట్టుందన్నాడు.

అప్పటినుంచి ఆయన కూర్చోలేడు. కూర్చుంటే ప్రాణం పోయేది. స్తంభానికి ఆనుకుని, సంగటి తట్ట చేత్తో పట్టుకుని, నిలబడే తినేవాడు. "గొడ్డు గూడా రొంతసేపు పండుకుని నెమరేస్తాది. నాకు ఆ బాగ్యం గూడా లే" అనేవాడు. పడుకుంటే ఇంకా కష్టం. ఇటు తిరుగుతాడు, అటు తిరుగుతాడు, లేచి గోడ పట్టుకుని నిలబడతాడు.

ఊరివాళ్ళు నవ్వేవాళ్ళు. "ఇంట్లోనే మందు పెట్టుకోని ఊరంతా మూలుగుతాండావు గదప్పా" అని. ఆ మందు ఆయనకు పనికిరాదని వాళ్ళకూ తెలుసు. పెళ్ళాం కాలు మొగుడికి తగలకూడదు. నిద్రలో పొరపాటున తగిలితేనే లేచి ఆయన పాదం తాకి కళ్ళకద్దుకునేదాన్ని. ఇక ఎక్కి తొక్కడమా? నేను ఒకసారి నోరు తెరిచి అడగబోతే మా అత్త పొయ్యి దగ్గర్నుంచి లేచింది.

"కట్టుకున్నదాని కాలు మొగుని వీపున పడితే ఆయుష్షు తగ్గుతాది. నా కొడుకు కుంటోడైనా పర్వాలే, నాకు బతికుండల్ల."

ఆమె కొడుకు మీద ప్రేమతోనే అంది.

అందుకని పాణ్యం దిక్కు నుంచి ఇంకో ఎదురుకాళ్ళాయనను పిలిపించింది. ఆయన జొన్నల మూటంత మనిషి. పంచె ఎగగట్టి, దేవుణ్ణి తలుచుకుని, ఒక్కసారిగా ఎక్కేశాడు. అది కూడా ఎముక మీద. అక్కడ పెట్టకూడదు. ఎముకకు పక్కన, కండ బిగిసిన చోట, ముందు వేళ్ళు ఆనించి చూసి, తర్వాత మడమ దించాలి. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. నా కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. మా ఆయన అరిచిన అరుపుకు వీధిలో కుక్క లేచి పోయింది.

"వదిలిందా అప్పా?" అని అడిగాడు ఆ పెద్దమనిషి, ఇంకా పైనే ఉండి.

మా ఆయన నేలకు మొహం పెట్టి, "ముందు నువ్వు దిగప్పా, తర్వాత చూసుకుందాం" అన్నాడు.

దిగాక చూస్తే మా ఆయన కాలి బొటనవేలు పైకి లేవడం లేదు. అడుగు వేస్తే పాదం నేలకు ఈడ్చుకుంటోంది. మా అత్త అప్పుడు ఏడ్చింది. కర్నూలు పెద్దాసుపత్రికి పొండి అంది.

ద్రోణాచలంలో రైలు మారి పోయాం. దారి పొడుగునా ఆయన తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. డాక్టరు ఆయనను వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తాడు. సగం ఎత్తేసరికే మా ఆయన డాక్టరు చొక్కా పట్టుకున్నాడు. ఎముకల మధ్య నరం నలిగిందనీ, బరువు ఎత్తొద్దనీ, పరుపు లేకుండా గట్టి బల్ల మీద కదలకుండా పడుకోవాలనీ, సూదులు వేయించుకోవాలనీ చెప్పాడు.

"బండలెత్తి పడిపోతే, మల్లా గట్టిదాని మీదనే పండుకోమంటాండావు. ఇదేం న్యాయం సారూ?" అన్నాడు మా ఆయన. డాక్టరు నవ్వాడు. మంచివాడు. వేలు మళ్ళీ లేస్తుందని ధైర్యం చెప్పాడు.

బొటనవేలు మెల్లగా లేచింది. నొప్పి మాత్రం పోలేదు. గనిలో ఆయన చోటికి వేరే మనిషి వచ్చాడు. పడుకుని పడుకుని ఆయన మాట తగ్గింది. అది చూస్తే నాకు నొప్పి కంటే ఎక్కువ భయమేసింది. ఎగతాళి చేయకుండా ఒక పూట గడిపే మనిషి కాదాయన.

ఎండాకాలంలో ఎవరో కమలాపురం పేరు చెప్పారు. అక్కడ పాపఘ్ని ఒడ్డున ఒక పెద్ద రైతు తుంటి వాతానికి వైద్యం చేస్తాడట. వండిపెట్టే మనిషి కావాలి కదా, అత్త నన్ను తోడు పంపింది. గుంతకల్లులో బండి మారి పోయాం. పెళ్ళయినాక మేమిద్దరమే ఒకచోట ఉండడం అదే మొదలు.

పెద్దాయన మాకు ఏటి గట్టున బోదగడ్డి కప్పిన ఒక కొట్టం చూపించాడు. పొద్దున్నే వచ్చి వావిలాకు కాచిన ఆముదంతో నడుం నుంచి మడమ దాకా రుద్దేవాడు. ఎండ ఎక్కాక ఏట్లో ఇసుక తవ్వి, ఆ గుంటలో పడుకోబెట్టి, చేతులతో సహా రొమ్ము దాకా కాగిన ఇసుక కప్పించేవాడు. ఎండకు ఏటి నడుమ సన్నటి నీటిపాయ తప్ప అంతా ఇసుకే. నేను పక్కన కూర్చుని కొంగు విప్పి ఆయన మొహానికి నీడ పట్టేదాన్ని. ఏట్లోనే కర్బూజా తోటలుండేవి. ఒక పండు తెచ్చి పగలగొట్టి ముక్కలు ఆయన నోట్లో పెట్టేదాన్ని. చేతులు ఇసుకలో ఉన్నాయి కదా, తినలేడు.

"సగం పూడ్చిపెట్టినాక సేవ చేస్తాండావు. ముందే చేసుంటే ఈ గతి పట్టేది కాదు."

"నోర్మూసుకోని తిను. ఇసక పడ్తాది."

మళ్ళీ మాటలు వచ్చాయి ఆయనకు. ఆ ఇసుకలో మేం ఎన్ని మాటలు చెప్పుకున్నామో. ఇంట్లో ఎవరి పనుల్లో వాళ్ళుండి, చీకటి పడితే అత్త మంచం పక్కనే చాపలు. అక్కడ మాట్లాడుకోవడానికి చోటేది? కమలాపురంలో ఆయన చిన్నప్పటి సంగతులు నాకు కొత్తగా తెలిశాయి. రైలు పట్టాల మీద చెవి పెట్టి బండి వస్తోందో లేదో చెప్పేవాడట. నేను నమ్మలేదు.

అయినా నిద్ర మాత్రం రాలేదు. ఇసుకలో ఉన్నంతసేపు హాయి, లేస్తే మళ్ళీ తీగ. ఒక మధ్యాహ్నం కొట్టంలో చాప మీద బోర్లా పడుకుని ఉన్నట్టుండి అన్నాడు.

"మే, నువ్వు తొక్కు."

"ఏం మాటలవి?"

"ఊరందరి నడుములూ తొక్కితివి. నాదొక్కటే నీకు చేదయ్యిందా?"

"మీయమ్మ ఏం చెప్పిందో తెల్దా? ఆయుష్షు తగ్గుతాదంట."

"నిద్రలేని ఆయుష్షు ఎంతుంటే ఏం చేసుకునేది? మాయమ్మ యాడుండాది, మనం యాడుండాం."

"దేవుడు చూస్తాండడా?"

"చూడనీ. ఆయప్పకూ ఒకసారి నడుం పడితే తెలుస్తాది."

నేను లేచి తడిక వేశాను. కాళ్ళు కడుక్కున్నాను. ఆయన పాదాలు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. బరువంతా ఆయన మీద పడకుండా పైన కొట్టం వాసాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. కుడికాలి వేళ్ళు ఆయన నడుం మీద ఆనించాను.

ఎందరి వీపులో తొక్కినదాన్ని. అయినా కొత్తదానిలా వేళ్ళతో తడుముకున్నాను. ఆముదం జిడ్డు, అక్కడక్కడా ఇసుక రేణువులు, లోపల కండ రాయిలా ఉంది. తుంటికి పైన ఒకచోట వేలు పెట్టగానే ఆయన ఊపిరి ఆపాడు. అక్కడే. మడమ మెల్లగా దించాను. ఆగిన ఊపిరి తిరిగి వచ్చేదాకా ఎత్తలేదు. ఆ ఊపిరి నా అరికాలి కింద లేవడం, దిగడం తెలిసింది. నన్ను ఎత్తుతున్నట్టూ, దించుతున్నట్టూ ఉంది. ఎంతసేపు ఉన్నానో. దిగి చూస్తే నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, చిన్నపిల్లవాడిలాగ.

అక్కడున్నన్నాళ్ళూ మధ్యాహ్నం తడిక పడేది. పెద్దాయన ఒకరోజు నడుం నొక్కి చూసి సంతోషపడ్డాడు.

"చూస్తివా అప్పా, మా పాపఘ్ని ఇసక గుణం?"

"ఔనప్పా. అట్లాంటి ఇసక యాడా చూడలే" అన్నాడు మా ఆయన. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాను.

ఏది పనిచేసిందో నేను చెప్పలేను. ఆముదమో, ఇసుకో, బండలు ఎత్తకుండా ఉండడమో, నా కాళ్ళో. రైలుకు కర్ర లేకుండా నడిచి వచ్చాడు, రైల్లో కూర్చున్నాడు. మా అత్త కమలాపురం దిక్కు తిరిగి దండం పెట్టింది. ఆ తర్వాత గని మనుషులు ఎంతమంది పోయారో ఆ ఇసుకకు. కొందరికి తగ్గింది, కొందరు తిట్టుకుంటూ వచ్చారు.

ఇంటికొచ్చాక మళ్ళీ కుదరలేదు. ఒకటే గది, ఒకటే వాకిలి, నిద్రపట్టని అత్త. ఆయన గనిలో బండలు కొలిచి గుర్తులు పెట్టే తేలిక పనికి మారాడు. చలి మొదలైతే తీగ మళ్ళీ లాగేది. కాగిన నీళ్ళు పోయడం ఒక్కటే నాకు మిగిలింది. ఆదివారం నేను ఎవరెవరి వీపులో తొక్కుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని చూసేవాడు. చూస్తున్నాడని నాకు తెలిసేది. అప్పుడు అడుగు నెమ్మదిగా వేసేదాన్ని.

ప్రతి ఎండాకాలం మళ్ళీ కమలాపురం పోదామనుకునేవాళ్ళం. ఒక ఏడు మాకున్న కొద్దిపాటి చేను పండలేదు, ఒక ఏడు అత్త మంచం పట్టింది. కర్నూలులో గుడారాలు పీకేశారు, రాజధాని హైదరాబాదుకు పోయింది. వచ్చే ఎండలకు తప్పకుండా పోదామన్నాడు. అంతలోనే పోయాడు.

ఆయుష్షు తగ్గిందా అని నన్ను నేను అడగలేదనుకోకు. మా అత్త మాట నిజమేనేమో. కానీ ఆయన నన్ను అడిగింది నిద్ర. అది నేనిచ్చాను. దానికి నాకు ఏడుపు రాదు. ఏడుపొచ్చేది వేరేదానికి. విధవరాలి కాలు పనికిరాదని ఇప్పుడు ఎవరూ వాకిట్లో పడుకోరు. ఇంట్లో మేం పరుచుకున్నవి కూడా ఆయన మోసిన బండలే. వాటి మీద ఎంత తిరిగినా నా అరికాలి కింద ఏదీ ఊపిరి పీల్చదు. పాపఘ్ని ఇసుక మీదికి పోయి నిలబడదామా అనిపిస్తుంది. ఇసుకను ఏం చేసుకోను?

రాయడం ఆపావెందుకు? "పెద్దమ్మా, తడిక సంగతి గూడా రాయల్నా?" అంటోంది ఈ పిల్ల, తల వంచుకుని. రాయి తల్లీ. దానికోసమే నిన్ను పిలిచింది. అది ఇంతవరకూ ఆయనా ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆయన పోయాక నాలోపల నేనే చెప్పుకుని చెప్పుకుని, నిజంగా జరిగిందా, నేను కల్పించుకున్నానా అని ఒక్కోసారి అనుమానం వస్తోంది. ఇంకొకరి నోట వింటే తెలుస్తుంది.

నేను లేచి తడిక వేసిన కాడినుంచి చదువు. మెల్లగా చదువు, వింటాను.