తడి తూకం, పొడి తూకం

2006 వానాకాలం. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీకి నన్ను పంపారు. పని ‘డైవర్షన్ రేటు’ తేల్చడం. అంటే ఊరి చెత్తలో డంప్ యార్డులో పూడిపోకుండా తిరిగి వాడకానికి వెళ్లేది ఎంత భాగమో లెక్కగట్టడం.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ మొదటి రోజే చెప్పాడు: “యార్డు చుట్టూ గోడ లేస్తున్నది బాబూ. చెత్త ఏరేటోళ్లతోని లాభముందని లెక్క చూపిస్తే గేటు తెరిచి పెడ్తం. లేకుంటే తాళమే.”

ఏరేవాళ్లలో పెద్దది శాంతమ్మ. చెత్త లారీలను ఊరి బయట ధర్మకాటా మీద తూచాను. ఆమెవీ, మిగతా ఏరేవాళ్లవీ బస్తాలను ఆమె గుడిసె ముందు కొక్కెం కాటాకు వేలాడదీశాను.

“ఏంది సారూ, గింత చదువు చదివి నా చెత్త తూకమేస్తున్నవా?” అని నవ్వింది.

“ఇంతేనా అక్కా? పొద్దున మూట పెద్దగా ఉండె.”

“బురదతోని గట్లనే ఇస్తే పాతసామాన్ల షాపాయన తీసుకుంటడా? కడిగి, చూరు కింద తాడు మీద ఆరేసినంక గింతే. నీ కాయితంల మంచిగ రాయి సారూ. గేటు మూస్తే మేం యాడికి పోవాలె?”

ఆ మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత బస్తాల మొత్తం తూకాన్ని లారీల తూకంతో భాగించాను. వచ్చిన అంకె గేటు తెరిపించేంత పెద్దది కాదు. రెండుసార్లు సరిచూసి, సంతకం చేసి ఇచ్చాను. యార్డు గేటుకు తాళం పడింది.

వారం తర్వాత ఖమ్మంలో, వానకు తడిసిన చొక్కా పిండుతుంటే చెయ్యి ఆగిపోయింది. లారీ చెత్తను నీళ్లతో సహా తూచాను. ఏరేవాళ్లది కడిగి ఆరబెట్టిన సరుకు.

మర్నాడే వెళ్లి, ఒక లారీ నుంచి గంపెడు చెత్త తీసి, కాటా షెడ్డులో నాలుగు రోజులు ఆరబెట్టి తూచాను. సగానికి పైగా నీళ్లే. పొడి లెక్కలో పాత అంకె రెట్టింపు దాటింది. ఆ నాలుగు రోజుల్లో శాంతమ్మ గుడిసెకు వెళ్లి ఒక్క మాట కూడా చెప్పలేదు. అంకె చేతికి రానిదే మాట ఇవ్వకూడదనుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ కొత్త లెక్క మొత్తం చదివాడు. “తాళం తీస్తం బాబూ. కని ఎవలి కోసం? శాంతమ్మ మొన్ననే తన మందిని తీస్కోని ఊరిడిచి పోయింది. కొత్తగూడెం దిక్కన్నరు.”

గుడిసె ముందు తాడు అలాగే ఉంది. దాని మీద కడిగిన పాల కవరు ఒకటి, గాలికి ఆడుతూ.

ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా నా ఫారంలో మొదటి గడి ‘తడా, పొడా’. దాన్ని నింపాకే తూకం. ఇంకో పని మాత్రం ఏ ఫారంలోనూ లేదు. ఎక్కడైనా తాడు మీద కడిగిన కవర్లు కనిపిస్తే బండి ఆపి, ఎవరు ఆరేశారని అడుగుతాను. ఇంతవరకు వేరే పేర్లే చెప్పారు.