గెలిచిన సాయంత్రం కాక లేవలేదు

"మీ కాక పోయిండు. ఇగ నీకు నిమ్మళమేనా?"

పదమూడు రోజుల కింద పొద్దున్నే చిన్నమ్మ ఫోన్‌లో అన్న మాట ఇది. నేను బడిలో హాజరు వేస్తున్నాను. ఫోన్ పెట్టేసి మిగిలిన పేర్లు కూడా పిలిచాను. పిల్లలు మరాఠీలో "హజర్, హజర్" అంటూనే ఉన్నారు. ఎవరు పలికారో, ఎవరు పలకలేదో నాకు తెలియలేదు. చిన్నమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. ఎందుకు లేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

కాక అంటే మా నాయిన తమ్ముడు, చిన్నమ్మ ఆయన భార్య. కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గు బాయి పనికి వచ్చి చంద్రపూర్ దగ్గరి మాజ్రిలో చేరాడు. మొదట కొన్నేళ్లు లోపల బొగ్గు కొట్టాడు. దగ్గు మొదలయ్యాక పైన లాంప్ రూంలో వేశారు. బాయిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక వాపసు తీసుకోవడం అక్కడి పని. ఒక్క దీపం తిరిగి రాకపోయినా ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. అందుకే షిఫ్టు దిగినా కాక ఇంటికి పోయేవాడు కాదు. "లోపటికి పోయినోడు బయటికి వచ్చేదాక మనం కదలొద్దు బిడ్డా" అనేవాడు. రిటైరయ్యి చంద్రపూర్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. దాన్ని తీసుకెళ్లి ఫుట్‌బాల్ మైదానంలో పెట్టాడు.

మా ఊరి కాలేజీ జట్టు గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఓడిపోతూనే ఉంది. కాలేజీల పోటీల్లో మొదటి ఆటకే ఇంటికొచ్చేది. బజార్లో కిరాణా సేట్లు కాకను ఆటపట్టించేవాళ్లు. "ఏం మామా, మీవోళ్లు ఈసారి ఎన్ని గోల్లు తిన్నరు?" అంటే కాక తడుముకోకుండా "నాలుగు. పోయినేడు ఐదు. మెల్లగ సదురుకుంటున్నరు" అనేవాడు.

ఆయన నాలుగో తరగతి దాటలేదు. కాలేజీ గేటు లోపలికి పోయింది ఆ మైదానం కోసమే. బంతిని ఎన్నడూ తన్నలేదు. "నాకు ఆడుడు రాదు, సూసుడు వస్తది" అనేవాడు. గోల్‌పోస్టు వెనక గోనెసంచి మడిచి వేసుకుని కూర్చునేవాడు. అరవడు, చప్పట్లు కొట్టడు. ఎదుటి జట్టుకు పెనాల్టీ వస్తే మాత్రం చెప్పులు విప్పి పక్కన పెట్టేవాడు. ఎందుకని అడిగితే "ఏందో, కాళ్లు కాల్తయి" అనేవాడు. ఆటగాళ్ల పేర్లు ఆయనకు తెలియవు, చొక్కా నంబర్లే తెలుసు. "గా మూడో నంబరు పోరడు బంతిని సూస్తడు, మనిషిని సూడడు" అని గొణిగేవాడు. మూడో నంబరు చొక్కా ఎంతమంది మార్చుకున్నా గొణుగుడు మాత్రం మారలేదు.

నేను చదివింది మరాఠీలో. ఈ తెలుగు అక్షరాలు కాక నేర్పినవే. ఆట లేని ఆదివారాలు ఆ మైదానం మట్టిలోనే పుల్లతో రాసి దిద్దించాడు. నా 'ఖ' ఇప్పటికీ వంకరే. ఇందులో తప్పులు కనిపిస్తే ఆయన్నే తిట్టుకోండి, వినడానికి ఎలాగూ లేడు.

ఓడిన రోజున జనం ఆట ముగియకముందే లేచిపోయేవాళ్లు. కాక లేచేవాడు కాదు. పిల్లలు బూట్లు విప్పి, సంచులు భుజాన వేసుకుని, తలలు దించుకుని ఒక్కొక్కరే గేటు దాటేదాకా చూసేవాడు. "ఓడినోని ఎన్కనే పోవాలె గని ముంగట పోవద్దు." దానికి పావుగంట పట్టేది. ఓడినవాళ్లకు అక్కడ ఏం పని? ఆ తర్వాత గేటు దగ్గర బండి మీద ఇద్దరం తర్రి పోహా, అంటే కారంపులుసు పోసిన అటుకులు, తినేవాళ్లం. నా చిన్నతనం నుంచి మొన్నమొన్నటి దాకా ఇదే వరస.

ఈ చలికాలంలో ఏమైందో ఏమో, ఆ జట్టు ఒక్కో ఆటా గెలుస్తూ ఫైనల్ దాకా వచ్చింది. ఫైనల్ మా మైదానంలోనే. అప్పటికి కాక నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు. దుమ్ము, పొగ, చలి మూడూ వద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

"గదేదో టీవీల సూడరాదా?" అంది చిన్నమ్మ.

"గిది టీవీల రాదే" అన్నాడు కాక. తర్వాత నా దిక్కు చూశాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

నేనే చిన్నమ్మను ఒప్పించాను. "ఆట అయిపోంగనే తీస్కొస్త చిన్నమ్మా. రెండు గంటలు, అంతే" అని చేతిలో చెయ్యి వేసి చెప్పాను. స్వెటర్ తొడిగి, చెవులకు మఫ్లర్ కట్టి, ముక్కుకు అడ్డంగా తువ్వాల చుట్టి ఆమే ఆటో ఎక్కించింది.

వరోరా నుంచి వచ్చిన జట్టుతో ఆట. మనవాళ్లు ఏమంత గొప్పగా ఆడలేదు. చివరికి మూడో నంబరు దూరం నుంచి గుడ్డిగా ఒకటి తన్నాడు. వాళ్ల గోల్‌కీపర్ కాలు జారింది, బంతి మెల్లగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. మైదానమంతా ఎగిరింది. కాక కూర్చునే ఉన్నాడు. "సీటీ కొట్టిండా? అయిపోయిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. అయిపోయింది కాకా, గెలిచినం అని చెవిలో చెప్పాను. నా చెయ్యి పట్టుకున్నాడు. తడిసిన కళ్లు తుడుచుకోలేదు.

"పోదామా కాకా?"

"పిల్లలు పోనియ్యి."

ఓడినప్పుడు పావుగంటలో ఖాళీ అయ్యే మైదానం గెలిచినప్పుడు ఎంతసేపటికి ఖాళీ అవుతుందో మాకేం తెలుసు? ఇన్నేళ్లలో మేం ఆ ఒక్కటే చూడలేదు. ఢోల్ తాషా మేళం వచ్చింది. పటాకుల లడి కాల్చారు. ఊరంతా లోపలికి జొరబడింది. బస్తాల కొద్దీ ఎర్రటి గులాల్ పొడి చల్లారు, గాలి కూడా ఎర్రబడింది. కప్పు ఇచ్చారు, ఉపన్యాసాలిచ్చారు, ఒకరి తర్వాత ఒకరు ఫోటోలు దిగారు. కాక తువ్వాలలో దగ్గుతూ కూర్చున్నాడు. ఇంకోసారి పోదామన్నాను. "ఏడుగురు ఉన్నరు" అన్నాడు. చీకటి పడింది, చలి దిగింది. మూడోసారి అన్నాను. "ఇంక ముగ్గురే."

చెయ్యి పట్టి లేపితే లేచేవాడు. ఆయన అప్పటికి ఎంత బరువున్నాడని! నేను లేపలేదు. ఆయన మాట కాదనలేకే ఊరుకున్నానని అందరికీ చెప్పుకున్నాను. నిజం వేరు. తువ్వాల పైన ఆ కళ్లు మెరుస్తుంటే చూడటం నాకు బాగుంది. నాకూ లేవాలని లేదు.

వెళ్లబోతూ మూడో నంబరు పిల్లవాడు మమ్మల్ని చూసి వచ్చాడు. "బాబా, ఇంకా ఉన్నరా?" అని వంగి, నుదుటి మీద, చెంపల మీద, స్వెటర్ మీద గులాల్ పూశాడు. కాక అతని రెండు చేతులూ పట్టుకుని "ఇయ్యాల మనిషిని సూసినవ్ బిడ్డా" అన్నాడు. ఆ ఆఖరి పిల్లవాడూ గేటు దాటాకే లేచాడు. అప్పటికి ఆట ముగిసి మూడు గంటలు.

మర్నాటికి జ్వరం. ఆసుపత్రిలో ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు పొద్దున చిన్నమ్మ ఫోన్.

ఆ ఫోన్ తర్వాత నిన్నటి దాకా ఆమె నాతో మాట్లాడలేదు. వంట చేశాను, నీళ్లు మోశాను, వచ్చినవాళ్లకు చాయ్ ఇచ్చాను. నేను అక్కడ లేనట్టే నా పక్క నుంచి తిరిగింది. నిన్న పొద్దున వెళ్లేసరికి పెరట్లో తొట్టి ముందు కూర్చుని ఉంది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదు కదా. ఇచ్చేసే ముందు ఆ స్వెటర్ ఉతుకుతోంది.

"ఎంతసేపు కూసున్నడు?" అంది తలెత్తకుండా.

"మూడు గంటలు."

"లెమ్మనలేదా నువ్వు?"

"అన్న చిన్నమ్మా. మూడుసార్లు అన్న."

"గట్టిగ అన్నవా?"

"లేదు."

ఆమె చాలాసేపు స్వెటర్‌ను రాయి మీద రుద్దుతూనే ఉంది. తర్వాత ఒక కొస నా చేతికిచ్చింది. ఇద్దరం చెరో దిక్కు పట్టుకుని పిండాం. ఎర్రటి నీళ్లు మా ఇద్దరి మోచేతుల దాకా కారాయి. తొట్టి వంపేసి మంచినీళ్లు పోసింది, ముంచింది, మళ్లీ కొస అందించింది. మళ్లీ ఎర్రగానే వచ్చాయి.